అటక దిగిన రైలు: సగంలో ఆగిపోయిన మోడల్ రైల్వే లేఅవుట్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను 2010లో మొదలుపెట్టి 2012లో ఆపేసిన హెచ్‌ఓ (అసలు రైలుకి 87వ వంతు సైజు) లేఅవుట్, అంటే బోర్డు మీద పరిచిన బొమ్మ రైలుదారి, ఒకటి పన్నెండేళ్ల పాటు సికింద్రాబాద్‌లో మా ఇంటి అటక మీద పడి ఉంది. గోదావరి మీద పాత హేవలాక్ వంతెన, ఈ గట్టున కొవ్వూరు, ఆ గట్టున గోదావరి స్టేషన్. అదీ ప్లాను. పాప పుట్టడం, ఉద్యోగం మారడం, రైలు గది కాస్తా సామాన్ల గది అయిపోవడం... మిగతా కథ మీకు చెప్పక్కర్లేదు, మీ ఇంట్లోనూ అదే జరిగి ఉంటుంది. దాన్ని కిందికి దించి మళ్లీ రైలు నడిపిన దగ్గర్నుంచి తోటి పిచ్చివాళ్లు అడుగుతూ వచ్చిన ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇవి.

కిందికి దించగానే మొట్టమొదట ఏం చేయాలి?

ప్లగ్గు మాత్రం పెట్టకండి, చేతులు ఎంత దురద పెట్టినా సరే. పెట్టెలు తెరిచి రెండు రోజులు నీడలో, ఫ్యాను కింద ఉంచండి. వానాకాలమైతే వారం. చెక్కకీ, ప్లాస్టర్ కొండలకీ పట్టిన చెమ్మ పోవాలి. ఈలోగా ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. పైనుంచి తీసినవాటికంటే బోర్డు తిరగేసి వైర్లని తీసినవే ఎక్కువ అక్కరకొస్తాయి. ఒక వైరు ఊడదీశాక "ఇదెక్కడిదబ్బా" అని తల గోక్కునే రోజు తప్పకుండా వస్తుంది.

పురుగూ పుట్రా కూడా చూసుకోవాలి. నా గోదావరి స్టేషన్ పైకప్పు ఎత్తితే బుకింగ్ ఆఫీసు గదిలో రెండు బల్లి గుడ్లు, ఖాళీ పెంకులు. పిల్లలు ఎప్పుడో పుట్టి వెళ్లిపోయాయి. టికెట్ కిటికీలోంచే వెళ్లి ఉండాలి, ఆ గదికి వేరే దారి లేదు. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడి బొమ్మకి నడుం దాకా సాలెగూడు. ఇలాంటివన్నీ ముందు పొడి బ్రష్‌తోనే దులపండి. తడి గుడ్డ పెట్టారంటే మురికి రంగులోకి దిగిపోతుంది.

బోర్డుకి చెద పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది?

స్క్రూడ్రైవర్ పిడితో అడుగున కొడుతూ వెళ్లండి. గట్టి ప్లైవుడ్ టకటకమంటుంది, చెద తిన్నది డొల్లగా మోగుతుంది. మట్టి గీతలు కనిపిస్తే ఆ బోర్డుని ఇంకో గదిలోకి తీసుకెళ్లొద్దు. పట్టాలు, పాయింట్లు (రైలుని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పట్టాలు), బిల్డింగులు విప్పుకుని చెక్కని వదిలించుకోండి. మందు కొట్టి బతికిద్దామని చూస్తే ఆర్నెల్ల తర్వాత అదే పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

కొత్త ప్లైవుడ్ కొనేటప్పుడు షాపువాడు చెప్పే పేర్లు కాకుండా షీటు మీది ముద్ర చూడండి. మామూలు వాడకానిదైతే ఐఎస్ 303, మెరైన్‌దైతే ఐఎస్ 710. డాబా కింది గదికైనా, బాల్కనీ పక్క గదికైనా నేను మెరైన్‌కే డబ్బు పెడతాను.

ఎలుకలు వైర్ల తొడుగు కూడా కొరుకుతాయి. పక్కపక్కనే రెండు వైర్లు బోసిగా కనిపిస్తే, షార్ట్ కోసం ఇక వేరే చోట వెతకక్కర్లేదు.

అమెరికా నుంచి తెచ్చుకున్న పాత కంట్రోలర్‌ని (పట్టాలకి కరెంటు ఇచ్చి రైలు వేగం మార్చే డబ్బాని) ఇక్కడి ప్లగ్గులో పెట్టొచ్చా?

వెనక అంటించిన చీటీ చదివాక మాత్రమే. "120 వోల్టులు, 60 హెర్ట్జ్" అని ఉంటే మన 230 వోల్టులకి అది నిమిషాల్లో కాలిపోతుంది. "100–240" అని ఉంటే ఫర్వాలేదు.

ఇది నేను సొంత ఖర్చుతో నేర్చుకున్న పాఠం. అప్పట్లో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడేవాణ్ణి. పన్నెండేళ్లలో ఆ సంగతే మర్చిపోయాను. ట్రావెల్ అడాప్టర్ దొరికింది కదా అని నేరుగా గోడకి పెట్టాను. బుర్రుమని ఒక శబ్దం, ఆ వెంటనే కాలిన వార్నిష్ వాసన. వంటింట్లోంచి మా ఆవిడ "మళ్లీ మొదలైందా?" అంది, అంతే.

మన దగ్గర కొన్నదే అయినా, అన్నేళ్లు మూలన పడి ఉన్న కంట్రోలర్‌ని నేరుగా పట్టాలకి కలపొద్దు. ముందు మల్టీమీటర్‌తో చూడండి. నాబ్ తిప్పుతుంటే సున్నా నుంచి 12 వోల్టుల దాకా తడబడకుండా పెరగాలి. కరెంటు తీగ తొడుగు విరుగుతున్నా, డబ్బా వేడెక్కుతున్నా ఇక దాన్ని వాడొద్దు.

పట్టాలు నల్లబడిపోయాయి. గరుకు కాగితంతో రుద్దేయొచ్చా?

అందరూ చేసేదదే, చేయకూడనిదీ అదే. గరుకు కాగితం నలుపుతో పాటు పట్టా మీద సన్నటి గీతలు మిగులుస్తుంది. తర్వాత మురికంతా ఆ గీతల్లోనే చేరుతుంది. నెల తిరక్కుండా పట్టా ముందుకంటే నల్లగా తయారవుతుంది.

ముందు మీ పట్టా ఏ లోహమో చూసుకోండి. పసుపుగా ఉంటే ఇత్తడి. తెల్లగా ఉంటే నికెల్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి చుక్క కూడా ఉండదు. అది రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం. ఇత్తడి మీద పట్టే చిలుము కరెంటుని అడ్డుకుంటుంది, తుడిచిన కొన్నాళ్లకే మళ్లీ పడుతుంది. నికెల్ సిల్వర్ నల్లబడ్డా అంతగా ఏడిపించదు. మీది ఇత్తడి ట్రాక్ అయితే మార్చేయండి. నేను పొదుపు చేద్దామని సైడింగులో (పక్కన రైలు నిలిపే దారిలో) ఉన్న ఇత్తడి పట్టాలతో నెల రోజులు కుస్తీ పట్టి, చివరికి పీకేశాను.

నికెల్ సిల్వర్‌కి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. ఉతికిన పాత బనీను గుడ్డని చిన్న చెక్కముక్కకి చుట్టి, ఆల్కహాల్‌లో తడిపి, రుద్దుకుంటూ వెళ్లండి. మొదటిసారి గుడ్డ కాటుకలా అవుతుంది. గుడ్డ మడత మార్చి మళ్లీ రుద్దండి. మూడోసారికి బూడిద రంగు గీత పడితే చాలు. పట్టా లోపలి అంచుని మర్చిపోవద్దు, చక్రం ఒరుసుకునేది అక్కడే. కరెంటు ఆపి, కిటికీ తెరిచి చేయండి. దగ్గర్లో అగరుబత్తి కూడా వెలగకూడదు. రంగు వేసిన వస్తువుల మీద ఒక చుక్క పడ్డా రంగు లేచిపోతుంది.

చక్రాలకీ ఇదే మందు. టిష్యూ కాగితాన్ని ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి పట్టాల మీద అడ్డంగా పరచండి. ఇంజిన్‌ని సగం కాగితం మీద, సగం పట్టా మీద ఉంచి, చేత్తో పట్టుకుని మోటార్ నడపండి. కాగితం మీద రెండు నల్లటి చారలు పడతాయి. ఇంజిన్‌ని అటూ ఇటూ తిప్పి, చారలు పడటం ఆగేదాకా చేయండి.

పట్టాలు శుభ్రంగానే ఉన్నాయి. అయినా ఇంజిన్ ఒకచోట నడిచి ఇంకోచోట ఆగిపోతోంది. ఎందుకు?

పట్టా ముక్కల్ని కలిపే జాయినర్లు వదులైపోయి, లోపల చిలుము పట్టి ఉంటాయి. కరెంటు కోసం జాయినర్లని నమ్ముకోకండి. ప్రతి పట్టా ముక్కకీ అడుగు నుంచి సన్నటి వైరు టంకం పెట్టి, బోర్డు కింద పొడుగునా వెళ్లే రెండు లావు వైర్లకి కలపండి. ఆ లావు వైర్లకి ఇంటి వైరింగులో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మామూలు గదికి సరిపోతుంది. టంకానికి రోజిన్ ఫ్లక్స్ మాత్రమే వాడండి. రేకు పనివాళ్లు వాడే యాసిడ్ పెడితే ఏడాదికల్లా అతుకు దగ్గర పచ్చగా చిలుము పడుతుంది.

ఇంజిన్ కదలదు, 'జుమ్' అని మాత్రం అంటోంది. మోటార్ పోయినట్టేనా?

పది సార్లలో తొమ్మిది సార్లు మోటార్ బాగానే ఉంటుంది, గ్రీజు గడ్డకట్టి ఉంటుంది. కుట్టుమిషన్‌లో కొబ్బరినూనె పోసిన ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. ఏళ్ల తరబడి కదలకపోతే గ్రీజు ముదురు పాకంలా అయి పళ్లచక్రాలని పట్టేస్తుంది. అప్పుడు బలవంతాన కరెంటు ఎక్కిస్తే మాత్రం మోటార్ నిజంగానే పోతుంది.

పైకప్పు విప్పండి. ప్రతి స్క్రూ తీసేముందు ఒక ఫొటో తీయండి. మోటార్ తీగలకి నేరుగా 9 వోల్టుల బ్యాటరీ ఆనించి చూడండి. మోటార్ తిరిగితే లోపం పళ్లచక్రాల్లోనో, చక్రాల నుంచి కరెంటు తెచ్చే రేకుల్లోనో ఉన్నట్టు. పాత టూత్‌బ్రష్, కాస్త ఆల్కహాల్ తీసుకుని పళ్ల మధ్యలో ఉన్న పాత గ్రీజంతా వదిలించండి. ఆరాక, ప్లాస్టిక్‌కి హాని చేయదని రాసి ఉన్న గ్రీజు కొద్దిగా పూసి, బేరింగుల్లో సూది మొనతో ఒక చుక్క నూనె వేయండి. ఒక్క చుక్కే. ఎక్కువైన నూనె చక్రాల మీదుగా పట్టాల మీదికి వచ్చి, మీరు రుద్దినదంతా పాడుచేస్తుంది. తుప్పు వదిలించే స్ప్రే డబ్బా ఇంజిన్ దగ్గరికి రానివ్వకండి. మోటార్ లోపల బ్రష్‌లు (కరెంటు అందించే కార్బన్ ముక్కలు) ఆనే రాగి భాగానికి నూనె అస్సలు తగలకూడదు.

నా డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్, అంటే అమెరికా ఆల్కో కంపెనీ ఇంజిన్ బొమ్మ పైకప్పుని కోసి అతికించి మనదిలా మార్చినది, ఇదంతా అయ్యాక పట్టా మీద పెడితే నాలుగు అంగుళాలు పోయి ఆగింది. వేలితో నెట్టాను. ఇంకో అడుగు పోయింది. ఇరవై నిమిషాలు అటూ ఇటూ తిప్పాక గొంతు మారింది, గరగర పోయి సన్నటి కూతలాంటి శబ్దం మిగిలింది. అప్పుడు దీపం పెట్టుకుని స్టేషన్ దాటింది. ఆ రాత్రి లేఅవుట్‌కి ఇంకేమీ చేయలేదు, చూస్తూ కూర్చున్నాను.

నడుస్తోంది కానీ చక్రం తిరిగిన ప్రతిసారీ 'టక్' మంటోంది.

ఇరుసు మీద బిగించిన ప్లాస్టిక్ పళ్లచక్రం పగిలి ఉంటుంది. వాడకపోయినా వయసుతో పగులుతుంది. జిగురు పెడితే నిలవదు, కొత్తది వేయాల్సిందే.

బాగా పాత ఇంజిన్లలో ఇంకో జబ్బుంది. జింక్ పోతలో సీసం కలిసి ఉంటే ఆ లోహం లోలోపల చిట్లి, ఉబ్బి, బిస్కెట్‌లా రాలిపోతుంది. దాన్ని జింక్ పెస్ట్ అంటారు. మందు లేదు. పనికొచ్చే భాగాలు తీసి పక్కన పెట్టుకోండి.

పట్టాలు మధ్యలో లేచి, పాములా వంకర తిరిగాయి. ఎండ వల్లేనా?

కొంత ఎండ, ఎక్కువ చెక్క. మూడు మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా 25 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 1.3 మిల్లీమీటర్లే. కానీ వానాకాలం ఉబ్బి, వేసవిలో ముడుచుకునే చెక్క అంతకు మించి లాగుతుంది. డాబా కింద గదిలో రెండూ కలుస్తాయి. ఎక్కువ చోట్ల జాయినర్ల దగ్గర అర మిల్లీమీటరు ఖాళీ వదిలి, ఆ అతుకుల్ని టంకంతో బిగించకుండా వదిలేస్తే సర్దుకుంటుంది. చలికాలం రాత్రి పట్టాలు వేస్తే ఖాళీ కాస్త ఎక్కువే వదలండి. నడివేసవి మధ్యాహ్నం వేస్తే దాదాపు అక్కర్లేదు.

ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో గుర్తులేదు. పేర్లు రాసుకోలేదు.

ఎవరూ రాసుకోరు. ఒక సాయంత్రం మల్టీమీటర్‌ని బజర్ మీద పెట్టుకుని, ఒక్కో వైరు రెండు కొసలూ పట్టుకుని కాగితం చీటీ అంటిస్తూ వెళ్లండి. వైర్లు ముప్ఫై దాటితే, రంగులు కూడా ఇష్టమొచ్చినట్టు కలిపి ఉంటే, అన్నీ కత్తిరించేసి కొత్తగా వేయడమే తక్కువ టెన్షన్. నేను అదే చేశాను.

పాయింట్లని కదిపే పాత కాయిల్ మోటార్లని పరీక్షించేటప్పుడు బటన్‌ని క్షణం మాత్రమే నొక్కండి. నొక్కి పట్టుకుంటే కాయిల్ కాలుతుంది.

ఇప్పుడు డీసీసీకి మారిపోవాలా?

డీసీసీ అంటే పట్టాల మీదుగానే ఒక్కో ఇంజిన్‌కీ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి; పాత డీసీలో పట్టా మీది వోల్టేజీని బట్టే వేగం. ముందు పాత డీసీ మీదే ఒక రైలు ఒక పూర్తి చుట్టు తిరగనివ్వండి. ఆ తర్వాత ఆలోచించండి. ఒకేసారి రెండు మూడు ఇంజిన్లు నడపాలనుకుంటే డీసీసీ హాయి. ఒక్క రైలు చాలనుకుంటే ఆ డబ్బుతో మంచి పాయింట్లు కొనుక్కోవచ్చు.

మారేటట్టయితే రెండు సంగతులు. డీకోడర్ (ఆ ఆదేశాలు అందుకునే చిన్న సర్క్యూట్) లేని పాత ఇంజిన్‌ని డీసీసీ పట్టాల మీద నిలబెట్టకండి, మోటార్ కూస్తూ వేడెక్కుతుంది. డీకోడర్ పెట్టేముందు మోటార్ తీగలు రెండూ ఇంజిన్ లోహపు చట్రానికి ఎక్కడా తగలకుండా వేరుచేయాలి. పాత ఇంజిన్లలో ఒక తీగ చట్రానికే కలిపి ఉంటుంది. అది చూసుకోకపోతే డీకోడర్ మొదటి నిమిషంలోనే పోతుంది.

వైరింగ్ అయ్యాక రూపాయి బిళ్ల పరీక్ష చేయండి. లేఅవుట్‌లో ప్రతి మూలా రెండు పట్టాల మీద అడ్డంగా బిళ్ల పెట్టి, వెంటనే బూస్టర్ (డీసీసీలో పట్టాలకి కరెంటు ఇచ్చే డబ్బా) ఆగుతోందో లేదో చూడాలి. ఎక్కడ ఆగకపోతే అక్కడ వైరు సన్నమైందన్నమాట. గోదావరి దాటేటప్పుడు కిటికీలోంచి బిళ్ల వేసే అలవాటున్న ఇళ్లలో చిల్లరకి కొదవేమీ ఉండదు.

అసలు నా ప్లానే చాలా పెద్దది. అందుకే ఆగిపోయిందనిపిస్తోంది. ఏం చేయను?

నిజం చెప్పాలంటే, మిగతా ప్రశ్నలన్నీ దీని చుట్టూ తిరిగేవే. వైర్లూ పట్టాలూ బాగుచేసుకోవచ్చు. గదిలో పట్టని ప్లాను మాత్రం రెండోసారి కూడా అటక ఎక్కిస్తుంది.

నా లెక్క చూడండి. 1900లో ప్రారంభమై 1997 దాకా రైళ్లు నడిచిన హేవలాక్ వంతెనకి 56 స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు). ఒక్కోటి 45.7 మీటర్లు. హెచ్‌ఓ అంటే 87వ వంతు, కాబట్టి ఒక స్పాన్ 52 సెంటీమీటర్ల పైచిలుకు. మొత్తం కడితే 29 మీటర్లు దాటుతుంది. నా గది పొడవు 3.3 మీటర్లు. 2010లో నేను 12 స్పాన్లు కడదామనుకున్నాను. గోడ కొట్టి పక్క గదిలోకి కూడా పోనిద్దామని! రెండేళ్లలో మూడున్నర స్పాన్లు అయ్యాయి. ఆ సగం స్పానే నన్ను ఆపేసిందని ఇప్పుడు అర్థమవుతోంది.

కొత్త ప్లానులో నాలుగు స్పాన్లు. అంటే మిగిలిన సగం పూర్తిచేస్తే వంతెన అయిపోయినట్టే. రెండు చివరలా రైలు చెట్ల వెనక్కి, కొవ్వూరు ఇళ్ల వెనక్కి మాయమవుతుంది కాబట్టి వంతెన ఇంకా ఉందనే అనిపిస్తుంది. రైలుకీ అదే కోత. 18 బోగీల ఎక్స్‌ప్రెస్ హెచ్‌ఓలో నాలుగున్నర మీటర్లు. నా ప్లాట్‌ఫారం మీద పట్టేవి ఐదు. ఐదే పెట్టాను. ఇంతవరకూ చూడ్డానికి వచ్చినవాళ్లెవరూ లెక్కపెట్టలేదు, ఒక రిటైర్డ్ గార్డు తప్ప. ఆయన కూడా "పార్శిల్ వ్యాన్ ఏదయ్యా?" అని మాత్రం అడిగారు.

ఒక చిట్కా. పాత ప్లాను కాగితం మీద ఇప్పటికే కట్టినవాటికి రంగు వేయండి. రంగు పడిన భాగంతోనే ఒక లూప్, ఒక స్టేషన్ వస్తాయేమో చూడండి. చాలామందికి వస్తాయి.

పెద్దగా చేయాలన్న కోరిక తీరకపోతే పుణే వెళ్లి జోషి మినియేచర్ రైల్వేస్ మ్యూజియం చూసి రండి. 1998లో తెరిచారు. ఒక మనిషి జీవితాంతం పడిన శ్రమ అది. చూశాక నా మూడున్నర స్పాన్ల మీద నాకు కోపం తగ్గింది.

మన బ్రాడ్‌గేజ్ రైలు ఆ పట్టాల మీద ఎందుకో తేడాగా కనిపిస్తుంది. నా తప్పా?

కాదు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు చేస్తే 19.3 వస్తుంది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5, అది విదేశాల 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కి సరిపోయేది. పట్టాలన్నీ చేత్తో చేసుకుంటే తప్ప ఈ తేడా పోదు. పక్కనుంచి చూస్తే తెలియదు. నేను వదిలేశాను.

నేను ఆపేశాక అసలు రైల్వేయే మారిపోయింది. పాత ఐసీఎఫ్ రకం బోగీల తయారీ ఆగింది, డీజిల్ తగ్గింది. లేఅవుట్ కూడా మార్చాలా?

మార్చకండి. ఒక సంవత్సరం ఎంచుకుని అక్కడే ఉండిపోండి. నాది 1996. పాత వంతెన చివరి రోజులు, ఎర్ర బోగీలు, డీజిల్ ఇంజిన్. మధ్యలో మనసు మారి కొత్త రకం ఎర్ర ఎల్‌హెచ్‌బీ బోగీలు కొనబోయాను. అవి కొంటే పాత వంతెన బదులు 1997 నాటి ఆర్చి వంతెన కట్టాలి. దాని ఒక్కో స్పాన్ 97.5 మీటర్లు, హెచ్‌ఓలో 1.12 మీటర్లు. నా గదిలో మూడు కూడా పట్టవు. అక్కడితో ఆ ఆలోచన మానేశాను.

బోగీలకి డబ్బాలోని స్పాంజి అంటుకుపోయింది.

ఆ నురగ స్పాంజి ఏళ్లు గడిచేకొద్దీ జిగురుగా కరుగుతుంది. గోరుతో గీకకండి. గోరువెచ్చటి సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్, బోలెడు ఓపిక కావాలి. ఆల్కహాల్ పెడితే రంగు పోతుంది. మిగతా డబ్బాల్లో ఉన్న స్పాంజిని ఈ రోజే తీసేసి తెల్ల టిష్యూ కాగితం చుట్టండి.

కొండలు, చెట్లు, నది సంగతేంటి?

దుమ్ముకి వాక్యూమ్ క్లీనర్ గొట్టం మూతికి పాత పలుచటి సాక్సు కట్టండి. ఊడిన బొమ్మలు గొట్టంలోకి పోకుండా సాక్సు దగ్గర ఆగుతాయి. నాకు అలా ఇద్దరు ప్రయాణికులు, ఒక మేక దొరికారు.

రంగు వెలిసిన రంపపు పొట్టు గడ్డి మీద మళ్లీ రంగు కొట్టే బదులు పైన కొత్త పొర చల్లండి. థర్మోకోల్ కొండలు అతికించడానికి తెల్ల ఫెవికాల్ వాడండి. రబ్బరు జిగురు, స్ప్రే పెయింటు రెండూ థర్మోకోల్‌ని తినేస్తాయి. కిటికీ అద్దాల దగ్గర ఫెవిక్విక్ వద్దు, అద్దం మంచు పట్టినట్టు తెల్లబడుతుంది.

నదికి అప్పట్లో పోసిన ఎపాక్సీ పసుపెక్కి ఉంటే బాధపడకండి. గోదావరి వాళ్లకి ఈ విషయంలో అదృష్టం కలిసొచ్చింది: వరదల్లో నీళ్లు ఎర్రమట్టి రంగు, వేసవిలో సగం నది ఇసుక తిన్నెలు. నేను పసుపెక్కిన చోట నిజం ఇసుక జల్లెడ పట్టి పరిచేసి, ఒక పడవని దాని మీదికి లాగి పెట్టాను. మే నెల అయిపోయింది.

విదేశంలో ఉంటాను, లేఅవుట్ అమ్మానాన్నల ఇంట్లో ఉంది. తెచ్చుకోవాలా?

బోర్డులు కావు. ఇంజిన్లు, బోగీలు, మీరు చేత్తో కట్టిన బిల్డింగులు చాలు. ఇంజిన్లని చేతి బ్యాగులో పెట్టుకోండి. స్కానర్ దగ్గర విప్పమంటారు, దానికి సిద్ధంగా ఉండండి.

ఇదంతా చూశాక లేఅవుట్‌ని విప్పేయాలనే అనిపిస్తోంది. ఏం దక్కించుకోవచ్చు?

చాలా. ఖరీదు ఉండేది పాయింట్లకి, పట్టాలకి, మోటార్లకి. కంకర తెల్ల జిగురుతో అంటించినదైతే గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి, స్ప్రే సీసాతో తడిపి అరగంట ఆగండి. పాయింట్ మోటార్ల మీద నీళ్లు పడకుండా ముందే విప్పేయండి. ఆ తర్వాత వెడల్పాటి పుట్టీ కత్తిని స్లీపర్ల కింద పెట్టి, నెమ్మదిగా, పట్టా వంగకుండా లేపుకుంటూ రండి. వచ్చిన కంకర పారేయకండి. ఉతికి ఎండబెట్టి సీసాలో పోసుకోండి. నా కొవ్వూరు యార్డులో ఉన్నదంతా అలా ఉతికిన కంకరే.